సెప్టెంబరు లెక్క, బతుకమ్మ లెక్క

బిల్లింగు సాఫ్ట్‌వేర్ తెరమీద మొదట కనిపించేది ఈ నెల అమ్మకాలకూ, నిరుటి ఇదే నెల అమ్మకాలకూ మధ్య తేడా కనుక, సూర్యాపేట, నల్లగొండ బట్టల దుకాణాల్లో చాలామంది సేట్లు దానినే నమ్మి సరుకూ ప్రకటనలూ నిర్ణయిస్తున్నారు. నేను లెక్కలు చూసే దుకాణంలోనూ అదే పద్ధతి ఉండేది. కానీ మన గిరాకీ ఇంగ్లీషు తేదీని చూసి రాదు, తిథిని చూసి వస్తుంది.

బతుకమ్మ పండుగ తొలిరోజైన ఎంగిలిపూల బతుకమ్మ 2023లో అక్టోబరు 14న, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. 2023లో అధిక శ్రావణం, అంటే అదనంగా ఒక చాంద్రమాసం, పడినందువల్ల పండుగ అంత వెనక్కి పోయింది. అందువల్ల 2025 సెప్టెంబరు అమ్మకాలు అంతకు ముందరి సెప్టెంబరు కంటే ఎంతో పెరిగినట్లు కనిపించడంలో వింతేమీ లేదు. పండుగ కొనుగోళ్లు నెల మారాయి, అంతే. ఎంగిలిపూలకు మూడు వారాల ముందు నుంచి దసరా దాకా ఒకే గడువుగా తీసుకుని ఏటికేడు పోల్చినప్పుడే అసలు తేడా బయటపడుతుంది.

ఆ పెరుగుదలను ఒక ప్రకటనల సంస్థ తన ఘనతగా చెప్పుకుంది. వారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేము గానీ, అదే సమయంలో మరొక మార్పు కూడా జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి, అంటే ఎంగిలిపూల మరునాటి నుంచి, వెయ్యి రూపాయలు దాటి రెండున్నర వేల దాకా ధర ఉన్న రెడీమేడ్ దుస్తులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పండుగ, పన్ను, ప్రకటన మూడూ ఒకే వారంలో కలిసిపోతే దేనివల్ల ఎంత పెరిగిందో మొత్తం అమ్మకాల అంకె చెప్పదు. అయితే మామూలు చీరలు వస్త్రం కిందికి వస్తాయి కనుక వాటిపై పన్ను ముందు నుంచీ 5 శాతమే. ఒకే దుకాణంలో చీరల పెరుగుదలనూ, ఆ ధరల్లోని రెడీమేడ్ దుస్తుల పెరుగుదలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, చీరల కంటే అదనంగా పెరిగినంత మేరకు పన్ను తగ్గింపు ప్రభావమని ఉజ్జాయింపుగా చెప్పవచ్చు.

ప్రకటన సంగతి తేల్చడానికి వేరే దారి కావాలి. బిల్లుల్లో ఉన్న ఫోన్ నంబర్లలో చివరి అంకె సరి సంఖ్య అయిన వారికి మాత్రమే వాట్సాప్ సందేశం పంపి, బేసి సంఖ్య వారికి పంపకుండా ఉంచి, పండుగ అయ్యాక రెండు వర్గాల కొనుగోళ్లనూ పోల్చాలి. బతుకమ్మకు ఎలాగూ వచ్చేవారు రెండు వైపులా ఉంటారు కాబట్టి, మిగిలిన తేడా మీద వచ్చే లాభం సందేశాల ఖర్చుకు మించితేనే ఆ ఖర్చు దండగ కానట్లు. భర్త నంబరుకు సందేశం వెళ్లి భార్య నంబరు మీద బిల్లు పడే ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కావు. అందువల్ల ఈ పద్ధతిలో ప్రకటన ఫలితం ఉన్నదాని కంటే కొంత తక్కువగానే కనిపిస్తుంది. సగం మందికి సందేశం ఆపడానికి సేటును ఒప్పించడమే ఇందులో అన్నిటికంటే కష్టమైన పని.

సూర్యాపేట వారికి ఇంకొక చిక్కు ఉంది. దురాజ్‌పల్లిలోని పెద్దగట్టు జాతర రెండేళ్లకు ఒకసారి వస్తుంది: 2023లో, 2025లో ఫిబ్రవరిలో జరిగింది, 2024లో లేదు. జాతర ఉన్న ఫిబ్రవరిని జాతర లేని ఫిబ్రవరితో పోల్చడం కంటే, ఒక ఏడు వదిలి ముందరి జాతరతో పోల్చడమే న్యాయం.

తిథిని సరిచేసినంత మాత్రాన అన్నీ కుదరవు. పత్తి తిథిని బట్టి కాక వానను బట్టి చేతికొస్తుంది. దసరా అక్టోబరు చివరికి వస్తే తొలి ఏరుడు డబ్బు కొందరు రైతుల చేతిలో ఉంటుంది, అక్టోబరు మొదట్లోనే వస్తే ఉండదు. అందుకే పల్లెల నుంచి వచ్చే బిల్లులను పట్టణం బిల్లుల నుంచి వేరు చేసి చూడాలని నా అభిప్రాయం. ఊరి పేరు కోసం బిల్లులో ఒక గడి చేరిస్తే చాలు.

2026లో అధిక జ్యేష్ఠం ఉంది, ఎంగిలిపూల అక్టోబరు 10న పడుతుంది. ఆ సెప్టెంబరు అంకెలు పడిపోయినట్లు కనిపిస్తాయని సేటుకు ముందుగానే రాసి ఇచ్చాను. సెప్టెంబరులో కంగారుపడి తగ్గింపు ధరలు ప్రకటిస్తే, అక్టోబరులో పూర్తి ధరకు పోవలసిన చీరలే ముందుగా తక్కువకు పోతాయి.