ఎవరు?

మంగళవారం, రాత్రి పదకొండు.

ఇవాళ చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. పక్క సీటావిడ మూడు వారాల తర్వాత ఆఫీసుకొచ్చారు. అంతే. కానీ పొద్దున ఆవిడ అడిగిన ఒక్క మాట ఇంకా వదలట్లేదు. నిద్ర ఎలాగూ పట్టదని ఇది రాస్తున్నాను.

ఆవిడ తమ్ముడు పోయాడు. ముప్పై నాలుగేళ్లు. రాత్రి పడుకున్నవాడు పొద్దున లేవలేదు. ఆవిడ వచ్చి కూర్చుని, టిష్యూ తీసి కీబోర్డు తుడవడం మొదలుపెట్టారు. ఒక్కో మీటా, సందుల్లో కూడా. టేబుల్ మీద చిన్న క్యాలెండరు పోయిన నెల దగ్గరే ఆగిపోయి ఉంది. దాన్ని ఎత్తి, కింద దుమ్ము తుడిచి, మళ్ళీ అలాగే పెట్టేశారు. పేజీ తిప్పలేదు.

ఒక్కొక్కరే వచ్చి పలకరించారు. మంచివాళ్లనే దేవుడు తొందరగా పిలుచుకుంటాడన్నారు ఒకరు. మనకి తెలియని లెక్కేదో ఆయనకి ఉంటుందన్నారు ఇంకొకరు. (లెక్క తెలియదంటూనే, లెక్కంటూ ఉందని ఎలా తెలిసిందో!) మూడో ఆయన కర్మ దగ్గరికి వెళ్లారు. అందరి మీదా లోలోపల విసుక్కుంటూ నిలబడ్డాను. తీరా వాళ్లు వెళ్లాక, ఏం మాట్లాడాలో తోచక నేనూ అన్నాను, "ఆయనే చూసుకుంటాడు లెండి" అని.

ఆవిడ తుడవడం ఆపి, "ఎవరు?" అన్నారు.

వెటకారం కాదు. సరిగ్గా వినబడలేదేమో. సెలవుల గొడవ నడుస్తోంది కాబట్టి మేనేజరు సంగతనుకున్నారేమో కూడా. నేను తడబడి వేలు పైకి చూపించాను. పైన ట్యూబ్‌లైట్ ఉంది. ఆవిడ దానివంక చూసి, తలూపి, మళ్ళీ కీబోర్డు మీదికి వంగారు.

రోజూ దణ్ణం పెట్టుకునే మనిషిని నేను. "ఎవరు" అని అడిగితే మాత్రం ట్యూబ్‌లైట్ చూపించాను. మధ్యాహ్నమంతా సిగ్గుగానే ఉంది.

ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే గజేంద్రుడు గుర్తొచ్చాడు. నీళ్లు కదా మరి. చిన్నప్పుడు బట్టీ పట్టిన పద్యాలు. పోతన గజేంద్రుడు ఫలానా దేవుడని పేరు పెట్టి మొదలుపెట్టడు. "ఎవ్వనిచే జనించు" అంటాడు. వ్యాకరణం తెలిసినవాళ్లు అది ప్రశ్న కాదంటారు. ఎవడివల్ల ఈ జగం పుట్టిందో వాడినే శరణంటున్నాడని అర్థం. నిజమే. అయినా ఎవరో తెలియకుండానే శరణంటున్నాడన్నది ఇవాళే తట్టింది. కాసేపటికి "కలడో లేడో" అని కూడా పైకి అనేస్తాడు. స్కూల్లో ఆ పద్యం గడగడా అప్పజెప్పి కూర్చున్నానే గానీ, కాలు మొసలి నోట్లో ఉండగా ఆ "లేడో" అనడం ఎంత ధైర్యమో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ మాటకి దేవుడు అలగలేదు, రావడమూ మానలేదు. అదీ విశేషమే.

కేనోపనిషత్తుకి ఆ పేరు దాని మొదటి మాట "కేన" వల్లే వచ్చింది. "ఎవరిచేత" అని. తెలుసనుకున్నవాడికి తెలియదని కూడా అందులోనే ఉంది. కానీ ఈ ముక్క నోటికి మరీ తేలిగ్గా వచ్చేస్తుంది. దేవుడు అంతుచిక్కడని చెప్పేవాళ్లు కూడా అంతు చూసొచ్చినట్టే చెబుతారు.

రాత్రి బైబిల్లో యోబు గ్రంథం తీశాను. యోబుకి పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్లంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేలమీద కూర్చుంటారు, ఒక్క మాట లేకుండా. ఆ తర్వాత నోళ్లు తెరుచుకుంటాయి. ఇక అధ్యాయాలకి అధ్యాయాలు దేవుడి తరఫున వకాల్తా. నువ్వేదో తప్పు చేసే ఉంటావు, ఊరికే శిక్షిస్తాడా అని. యోబు మాత్రం దేవుణ్ణే నిలదీస్తాడు. 38వ అధ్యాయంలో సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడతాడు, కానీ అడిగినదానికి జవాబు చెప్పడు. తిరిగి ప్రశ్నలు వేస్తాడు. నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు? వానకి తండ్రి ఉన్నాడా? కొండమేకలు ఎప్పుడు ఈనతాయో నీకు తెలుసా? పిల్లలెందుకు పోయారన్నది యోబుకి చివరిదాకా చెప్పడు.

ఈ చోట నాకెప్పుడూ ఒళ్లు మండేది. బిడ్డల్ని పోగొట్టుకున్నవాడితో కొండమేకల సంగతా? ఇవాళ కూడా ఆ మంట పూర్తిగా చల్లారలేదు. కానీ ఇదివరకు కళ్లతో దాటేసిన ఒక వాక్యం ఆఖరి అధ్యాయంలో, 42లో, కనబడింది. దేవుడికి కోపం వచ్చింది ఆ ముగ్గురి మీద. యోబు పలికినట్టు మీరు నా గురించి సరైన మాట పలకలేదంటాడు. తన పక్షాన అంతసేపు వాదించినవాళ్లతో! నాకైతే, కథ మొత్తంలో వాళ్లు చేసిన మంచి పని ఆ ఏడు రోజులేననిపించింది. నేను ఏడు నిమిషాలు ఆగలేకపోయాను.

పడుకోబోతూ దణ్ణం పెట్టుకున్నాను. ఆ అబ్బాయి కోసం ఏం అడగాలో తెలియలేదు. చేతులు మాత్రం కాసేపు అలాగే జోడించి ఉంచాను.

ఒకటి రాయడం మర్చిపోయాను. సాయంత్రం ఆవిడ వెళ్లిపోయాక క్యాలెండరు పేజీ తిప్పేద్దామని చెయ్యి చాచాను. చాచి, వెనక్కి తీసుకున్నాను. ఆవిడే తిప్పుకుంటారు, ఎప్పుడు తిప్పాలనిపిస్తే అప్పుడు.