రెండు చెంచాలు

పొద్దున్న బరంపురంలో తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బ్యాంకుకెళ్ళాను. వాడికి 34 ఏళ్ళు, బుద్ధిమాంద్యం ఉంది. కౌంటర్లో ఆయన నా మొహం చూసి అడుగుతాడు: "ఇతనికి సంతకం వచ్చా? అయినా ఇతనికి ఖాతా ఎందుకండీ?" వాడు పక్కనే ఉన్నాడు, అన్నీ వింటున్నాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 13వ సెక్షన్, తన డబ్బు తను చూసుకునే హక్కు వాడికీ ఉందని చెప్పాను. "మేనేజరు గారు రేపొస్తారు" అన్నాడు. సరే, రేపూ వెళ్తాం.

బయట టీ బడ్డీ దగ్గర ఆగాం. ఒడియా ముసలాయన. నన్నసలు పట్టించుకోలేదు. తమ్ముణ్ణి చూసి, తెలుగులోనే, "చక్కెర ఎంత బాబూ?" అన్నాడు.

వీడు ఆలోచించాడు. చాలాసేపు. వెనక ఇద్దరు వచ్చి నిలబడ్డారు. నేను నోరు తెరవబోతే ముసలాయన చెంచా ఎత్తి ఆగమన్నాడు. చివరికి వీడు రెండు వేళ్ళు చూపించి, "దుయిటా" అన్నాడు, ఒడియాలో! (ఇక్కడే పుట్టి పెరిగినా నా ఒడియా వింటే జనం నవ్వుతారు. వాడిది విని ఎవరూ నవ్వలేదు.)

ఇంట్లో వాడి టీలో ఇన్నేళ్ళూ చక్కెర వేసింది నేనే. ఒక్క చెంచా. ఏనాడూ అడగలేదు.