మే నెల వాన కొత్తదా?

మొన్నటి గాలివానకు నల్లగొండ దగ్గర మా ఊరి కల్లంలో వడ్లు తడిశాయి. పరదా ఎత్తితే అడుగున గింజలు ఉబ్బిపోయి ఉన్నాయి. తేమ 17 శాతం దాటితే కొనరు, అదీ టెన్షన్.

"అంతా వాతావరణ మార్పే" అన్నాడు పక్క కుప్ప అతను. మా పెదనాయిన వెంటనే, "మామిడికాయలప్పుడు గాలివాన ఎన్నడు రాలేదురా?" అన్నాడు. నేనూ ఆయన వైపే. 2009లో వానాకాలం కరువు, అక్టోబరు మొదట్లో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూర్ మునక! ఈ నేల తీరే అంత. పైగా వాతావరణ శాఖ చెప్పే సాధారణ వర్షపాతం ఏళ్ల తరబడి తీసిన సగటు. 19 శాతం అటూ ఇటూ అయినా సాధారణమే.

కాకపోతే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. పడితే కుండపోతే అయ్యే ఛాన్స్ పెరుగుతుంది. పెదనాయిన లెక్కలో ఇది లేదు.