ఎల్ కింద చుక్క

"ఆ ఎల్ కింద చుక్క యాడ పోయిందిరా?" అని మామయ్య స్క్రీన్ మీదికి వంగి మరీ అడిగాడు. తన పాత పుస్తకాల పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో, ళ, ణ, ట లాంటి వాటికి కింద చుక్క పెట్టి రాసుకున్న జాబితా అది. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే అక్షరాల తెర) నిండా మాత్రం ఆ అక్షరాల చోట ప్రశ్నార్థకాలే.

ఫైలు బాగానే ఉంది. సర్వర్‌లో లొకేల్ (ఏ భాష అక్షరాలు వాడాలో చెప్పే సెట్టింగ్) 'సి' అని ఉంది, అంటే దానికి తెలిసింది ఉత్త ఇంగ్లిషు అక్షరాలే. అన్ని భాషల అక్షరాలూ తెలిసిన యూటీఎఫ్-8కి మార్చి మళ్లీ తెరిస్తే చుక్కలన్నీ వచ్చేశాయి.

ఇక టైపింగ్. లినక్స్‌లో కుడివైపు ఆల్ట్‌ని కంపోజ్ కీగా, అంటే తర్వాత కొట్టే రెండు గుర్తుల్ని కలిపి ఒకే అక్షరం చేసే మీటగా పెట్టాను. అది నొక్కి, ఆశ్చర్యార్థకం కొట్టి, తర్వాత ఎల్ కొడితే కింద చుక్కతో వస్తుంది. మన ళ అన్నమాట. అలాగే ఎన్‌తో ణ, టీతో ట. పైన దీర్ఘం గీత ఉన్న ఏ కావాలంటే కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, ఆ అక్షరం కోడ్ 0101 కొట్టి ఎంటర్.

మామయ్య నన్ను లేపి కుర్చీలో తనే కూర్చున్నాడు. 'ఒంటిమిట్ట' అని ఊరి పేరు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాడు. ఒక ణ, మూడు ట, నాలుగు చుక్కలు. కడపలో ఈ మధ్యాహ్నం ఆయనంత సంతోషంగా ఇంకెవరూ ఉండి ఉండరు!

అదే పేరు తెలుగులో కొడితే మాత్రం ఒత్తు విడిపోయింది. టెర్మినల్ అంతా సమాన వెడల్పు గడుల లెక్క. మన గుణింతాలు, ఒత్తులు ఆ గడుల్లో ఇమడవు. ఇంగ్లిషు అక్షరం కింద చుక్కకి ఇన్ని దారులుండి, మన ఒత్తుకి చోటు లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

రేపు వేరే టెర్మినళ్లు పెట్టి చూస్తా. తెలుగు సరిగ్గా చూపించేది మీకు తెలిస్తే చెప్పండి, మామయ్య ఎదురుచూస్తున్నాడు.