లూప్ పక్కకు జరిగితే ముందు అనుమానించండి: మాంగనైట్ పొరలతో నా అనుభవం

మాంగనైట్ అంటే మాంగనీస్ ఉండే ఆక్సైడ్. రెండు మాంగనైట్ పొరలను ఒకదాని మీద ఒకటి వేసి, క్షేత్రాన్ని అటూ ఇటూ తిప్పితే అయస్కాంతత్వం గీసే వంపు, అంటే లూప్, పక్కకు జరుగుతుందా అని చూశాం. ఫిల్మ్ (పలుచటి పొర) వేయడానికి వాడే బిళ్ల, అంటే టార్గెట్, పొడులు తూచింది గుంటూరులో. ఫిల్మ్ వేయించింది వేరే ఊళ్లో. ద్రవ హీలియం మన దగ్గర దొరకదు కాబట్టి స్క్విడ్ (అతి చిన్న అయస్కాంతత్వాన్ని పట్టే యంత్రం) కొలతలు ఇంకో రాష్ట్రంలో. ఇలా మూడు చోట్ల సాగే పనిలో తప్పు ఎక్కడ దూరిందో పట్టుకోవడమే అసలు శ్రమ.

గుంటూరు ఆగస్టులో లాంథనమ్ ఆక్సైడ్ తూచడమంటే ఉప్పు డబ్బా మూత తీసి పెట్టినట్టే. బ్యాలెన్స్ అద్దాలు మూసినా నాలుగో దశాంశం ఆగదు, పైకి పోతూనే ఉంటుంది. గాల్లో తేమను తాగి హైడ్రాక్సైడ్ అయిపోతుంది. లాంథనమ్ 0.7, స్ట్రాన్షియమ్ 0.3 ఉండే మాంగనైట్ 20 గ్రాములకు కావాల్సినవి: లాంథనమ్ ఆక్సైడ్ 10.071, స్ట్రాన్షియమ్ కార్బొనేట్ 3.912, మాంగనీస్ డయాక్సైడ్ 7.678 గ్రాములు. సీసాలో ఉన్నదంతా హైడ్రాక్సైడ్‌గా మారిపోయి ఉంటే అదే తూకంలో లాంథనమ్ 14 శాతం తగ్గుతుంది, అంటే 0.7 కాస్తా 0.6. మిగిలిపోయిన మాంగనీస్ ఎం‌ఎన్3ఓ4 అనే వేరే ఆక్సైడ్‌గా తేలుతుంది. అది దాదాపు 42 కెల్విన్ కింద తనే అయస్కాంతమై కూర్చుంటుంది. అందుకే పొడిని 950 డిగ్రీల దగ్గర రాత్రంతా కాల్చి, ఇంకా వేడిగా ఉండగానే తేమ చొరని డబ్బా, అంటే డెసికేటర్‌లో పెట్టి, చల్లారిన వెంటనే తూచాలి. రేపు చూద్దాంలే అనుకుంటే మళ్లీ కాల్చాల్సిందే.

తర్వాత అగేట్ రోట్లో నూరడం, 1000 డిగ్రీల దగ్గర 12 గంటలు, మళ్లీ నూరి మళ్లీ కాల్చడం, బిళ్ల నొక్కి 1300 దగ్గర సింటర్ చేయడం (కరగకుండా గట్టిపడేలా కాల్చడం). ఇదంతా ఓపిక పని, అంతే.

ఫిల్మ్ స్ట్రాన్షియమ్ టైటనేట్ పలక (సబ్‌స్ట్రేట్) మీద: కింద ఈ మాంగనైట్‌దే 20 నానోమీటర్ల ఫెర్రోమాగ్నెట్ (మామూలు అయస్కాంతం లాంటిది) పొర, పైన కాల్షియం మూడింట రెండు వంతులున్న యాంటీఫెర్రోమాగ్నెట్ (లోపలి బుల్లి అయస్కాంతాలు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకునేది) మాంగనైట్. వేసిన తర్వాత ఆక్సిజన్ పీడనం పెంచి చల్లార్చకపోతే క్యూరీ ఉష్ణోగ్రత (దీనికి పైన అయస్కాంతత్వం పోతుంది) పడిపోతుంది. ఎక్స్‌రేలో సి-అక్షం (పొరకు నిలువుగా స్ఫటికం కొలత) 3.85 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటే బాగా పొడవుగా కనిపిస్తే ముందు ఆక్సిజన్ లోటునే అనుమానించండి.

ఇక కొలత. 300 కెల్విన్ నుంచి 5 టెస్లా క్షేత్రంలో 10 కెల్విన్ దాకా చల్లార్చి, ఆ తర్వాత ప్లస్ మైనస్ 2000 ఓర్‌స్టెడ్ (పదివేల ఓర్‌స్టెడ్ ఒక టెస్లా) మధ్య లూప్ తీయించాం. లూప్ ఇరవై పైచిలుకు ఓర్‌స్టెడ్ ప్లస్ వైపు జరిగింది. మామూలుగా ఎక్స్‌ఛేంజ్ బయాస్ (పక్కనున్న యాంటీఫెర్రోమాగ్నెట్ పట్టు వల్ల లూప్ జరగడం) చల్లార్చిన క్షేత్రానికి ఎదురు దిక్కున, అంటే మైనస్ వైపు జరగాలి. ప్లస్ వైపు జరిగిందంటే ఇంటర్‌ఫేస్ (రెండు పొరలు కలిసే చోటు) దగ్గర మాంగనీస్ పరమాణువుల బుల్లి అయస్కాంతాలైన స్పిన్‌లు ఎదురెదురుగా కట్టుబడ్డాయని చెప్పుకోవచ్చు. అలాంటి జంటలు నిజంగానే ఉన్నాయి కాబట్టి సంబరపడ్డాం. క్షేత్రం దిక్కు మార్చి చల్లారిస్తే జరుగుడు కూడా దిక్కు మార్చింది. ఇంకేం, రుజువైంది అనుకున్నాం.

కాలేదు. స్క్విడ్ చూపించే క్షేత్రం కొలిచింది కాదు, కాయిల్‌లో కరెంటును బట్టి లెక్కగట్టింది. 5 టెస్లా నుంచి దించినప్పుడు సూపర్‌కండక్టింగ్ కాయిల్ తీగలో కొంత ఫ్లక్స్ (అయస్కాంత క్షేత్రం) చిక్కుకుపోతుంది. తెర మీద సున్నా ఉన్నా శాంపిల్ దగ్గర ఇరవై ముప్పై ఓర్‌స్టెడ్ ఎదురు దిక్కున ఉంటుంది. తర్వాత చిన్న లూప్ మాత్రమే తిప్పితే ఆ తేడా అలాగే నిలుస్తుంది, లూప్ మొత్తం ప్లస్ వైపు జరిగినట్టు కనిపిస్తుంది. మైనస్ 5 టెస్లాలో చల్లారిస్తే చిక్కిన ఫ్లక్స్ కూడా తలకిందులవుతుంది. అందుకే దిక్కు మారడం ఒక్కటే రుజువు కాదు. చాలామంది అక్కడే ఆగిపోతారు, మేమూ ఆగిపోయాం.

బండారం బయటపెట్టింది పై పొర లేని ఒంటి ఫిల్మ్. పక్కన యాంటీఫెర్రోమాగ్నెట్టే లేదు, అయినా అంతే జరిగింది! పల్లాడియం ముక్కతోనూ చూడొచ్చు. అది పారామాగ్నెట్ (క్షేత్రం ఉన్నంతసేపే అయస్కాంతమయ్యేది), దాని గీత సున్నా గుండా పోవాలి. ఎంత పక్కకు పోతే అంత దొంగ క్షేత్రం.

రెండోసారి పద్ధతి మార్చాం. ముందు క్షేత్రాన్ని, అటూ ఇటూ ఊపుతూ ప్రతిసారీ తగ్గించే ఆసిలేట్ మోడ్‌లో సున్నాకు దించాం. 2000 ఓర్‌స్టెడ్‌లోనే చల్లార్చాం, ఆ పొరను నిండా అయస్కాంతీకరించడానికి అది చాలు. లూప్ రెండు కొసలూ మూసుకున్నాయో లేదో చూశాం, మూసుకోని చిన్న లూప్ కూడా జరిగినట్టే నటిస్తుంది. సబ్‌స్ట్రేట్ డయామాగ్నెటిక్ (క్షేత్రానికి ఎదురు తిరిగే) వాలును తీసేశాం. 5×5×0.5 మిల్లీమీటర్ల ముక్కలో ఫిల్మ్ సంకేతం సుమారు 0.0003 ఈఎంయూ (అయస్కాంతత్వపు కొలమానం), 5 టెస్లా దగ్గర సబ్‌స్ట్రేట్‌దీ దాదాపు అంతే, గుర్తు మాత్రం వ్యతిరేకం. శాంపిల్ పట్టుకోవడానికి ప్లాస్టిక్ చిమటా వాడాం, స్టీలుది అంచుకు గీసుకుంటే ఇనుము అంటుకుంటుంది.

ఈసారి ఒంటి ఫిల్మ్ లూప్ సున్నా చుట్టూ నిలిచింది. జంట పొరలది మైనస్ వైపు జరిగింది, మొదటిసారి కనిపించిన దానికంటే తక్కువే. వరుసగా లూపులు తిప్పితే రెండోది మొదటిదానికంటే తగ్గింది, ఈ తగ్గుదలనే ట్రైనింగ్ అంటారు. ఉష్ణోగ్రత పెంచుతూ పోతే జరుగుడు కరిగిపోయింది. కాయిల్‌లో చిక్కిన ఫ్లక్స్‌కు శాంపిల్ వేడితో పనిలేదు, అది ఏ ఉష్ణోగ్రతలోనైనా అంతే ఉంటుంది. ఇప్పుడు ప్రతి లూప్ పక్కనా అంతకుముందు కాయిల్ చూసిన గరిష్ఠ క్షేత్రం ఎంతో కూడా రాసి పంపమని అడుగుతున్నాం.