దొరగారికి రెండు బిందెలు

ఈసారి సెలవు మే నెలలో దొరికింది. 15వ తేదీ పొద్దున్నే బాబాయ్ వచ్చి లేపాడు. "లేరా, ఇవాళ దొరగారి పుట్టినరోజు. బోరు దగ్గర రెండు బిందెలు పట్టుకురా."

దొరగారంటే కాటన్ గారు. కాలువ గట్టు మీద ఛాతీ వరకు విగ్రహం, నెత్తినిండా కాకిరెట్టలు. కొబ్బరిపీచు పెట్టి తోమాను. కాలువలు కట్టేసే రోజులు కదా, అడుగున నెర్రెలిచ్చిన ఒండ్రు, ఎండిన గుర్రపుడెక్క. డెల్టాకి నీళ్ళిచ్చినాయనకి బోరు నీళ్ళతో స్నానం! నాకే నవ్వొచ్చింది.

నేను కువైట్‌లో ఒకళ్ళింట్లో డ్రైవర్ని. అక్కడ జాతీయ దినం పండగ ఫిబ్రవరి 25న. స్వాతంత్ర్యం వచ్చింది మాత్రం 1961 జూన్ 19న. ఆ జూన్ ఎండలో వీధిలోకి ఎవడొస్తాడు? అందుకే షేక్ అబ్దుల్లా అల్ సాలిమ్ 1950లో గద్దెనెక్కిన రోజుకి మార్చేసుకున్నారు. మర్నాడు 26, 1991లో ఇరాక్ సైన్యం పీడ వదిలిన రోజు. ఆ రెండు రోజులూ గల్ఫ్ రోడ్డు మీద కార్లు కదలవు. పిల్లలు నీళ్ళ తుపాకులూ, నీళ్ళు నింపిన బెలూన్లూ పట్టుకుని కాచుకుని ఉంటారు. మొదటి ఏడాది తెలియక అద్దం దించాను, బనీను దాకా తడిసిపోయాను. వెనకసీట్లో పిల్లలు ఒకటే నవ్వు. నాకేమో ప్రాణం ఉసూరుమంది. నదన్నదే లేని దేశం, సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి తాగేవాళ్ళు, వాటిని రోడ్డు మీద పారబోయడమా! మాది కాలువ చివర, నీళ్ళు అందీ అందని శివారు పొలం మరి. (ఈమధ్య పోలీసులు గట్టిగానే ఆపుతున్నార్లెండి.)

ఆ రాత్రి కారు కడుగుతుంటే బాబా, అంటే ఇంటి యజమాని, అడిగాడు. "మీ ఊళ్ళో ఏ రాజుకి చేస్తారు?"

"రాజుకి కాదు బాబా. ఒక ఇంజనీరుకి. ఇంగ్లీషాయన."

ఆయన పగలబడి నవ్వాడు. "ఆ ఇంగ్లీషువాళ్ళతో 1899లో రాసుకున్న ఒప్పందం తెగిందనేగా మేం పండగ చేసుకునేది!"

జవాబు లేక కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కల్లా లేచింది. అప్పట్లో మమ్మల్నేలిన కంపెనీ దొరల్లో ఇంకొక్కడి పుట్టినరోజు కూడా మా ఊళ్ళో ఎవడికీ తెలీదు. కానీ నాకొచ్చిన డ్రైవర్ అరబ్బీలో శివారు పొలం సంగతి ఎలా చెప్పను?

బాబాయ్ బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, కాలువలోకి చూశాడు.

"పూడిక తీస్తామన్నారండి. ఇంకా మిషనే రాలేదు" అన్నాడు, దొరగారికే చెప్తున్నట్టు.