జొన్నలు, కట్టెలు, అమ్మ ఫోను

ఈరోజు కూడా రోజూ లాంటి రోజే. నైరోబీలో జూలై అంటే చలి, పొద్దున్నే స్వెట్టర్ వేసుకుని ఆఫీసుకెళ్ళి కూర్చున్నా. మా ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో నాది లెక్కల పని, లారీల వేబిల్లులు సరిచూసి బిల్లు చేయడం. ఈరోజు కొట్టిన ఎంట్రీలు కకూమా లోడ్లు, అంటే కెన్యా వాయవ్యాన ఉన్న శరణార్థుల క్యాంపుకి పోయేవి. జొన్నలు, 50 కేజీల బస్తాలు, లారీకి 560. అనంతపురం వాడిని కాబట్టి జొన్నలు అని టైప్ చేసిన ప్రతిసారీ మా ఇంటి సంగటి గుర్తొస్తుంది, ఇక్కడి ఉగాలీ కూడా దాదాపు అదే, మొక్కజొన్న పిండితో చేస్తారు అంతే.

2025 జూన్‌లో కెన్యాలో శరణార్థుల రేషన్ పూర్తి రేషన్‌లో 28 శాతానికి దించారు, నిధులు లేక. ఇక్కడ అంత తక్కువకి అంతకుముందెప్పుడూ పోలేదట. మనిషికి రోజుకి 2,100 కేలరీలు కావాలనేది మామూలు లెక్క, దాంట్లో 28 శాతం అంటే 600 కూడా రావు. బాగా చిక్కిపోయిన పిల్లలకి మందులాగా ఇచ్చే వేరుశెనగ పేస్ట్ ప్యాకెట్ ఒక్కదాంట్లోనే 500 ఉంటాయి, అంటే పెద్ద మనిషి ఆ ప్యాకెట్ లాంటిది ఒకటి, ఇంకో నాలుగు ముద్దలు తిని రోజంతా ఉండాలి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకాయన అన్నాడు, క్యాంపులో వాళ్ళు ఇచ్చినవి అమ్ముకుంటారు, అంటే ఎక్కువయ్యే కదా అని. నాకు ముద్ద దిగలేదు. అప్పుడే కకూమా నుంచి తిరిగొచ్చిన మా డ్రైవర్ పేపర్లు ఇవ్వడానికి వచ్చాడు, అరవై దాటినాయన, అందరం మ్జే అంటాం అంటే పెద్దాయన అని. ఆయన నిలబడే చెప్పాడు. జొన్నలు గింజలుగా ఇస్తారు, పిండి పట్టించాలి, మిల్లువాడికి డబ్బులు లేకపోతే అందులోంచే కొంత గింజ కొలిచి ఇవ్వాలి. కట్టెలు కావాలి, చుట్టుపక్కల ఉండే తుర్కానా తెగ ఆడవాళ్ళు కట్టెలు బొగ్గులు నెత్తిన పెట్టుకుని క్యాంపుకి తెస్తారు, వాళ్ళకీ గింజలే ఇవ్వాలి. ఉప్పు, సబ్బు, పిల్లాడికి మాత్రలు, అన్నీ అందులోంచే.

ఆ తుర్కానా వాళ్ళ సంగతే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. వాళ్ళు శరణార్థులు కాదు, ఆ నేల వాళ్ళదే, మేకలు ఒంటెలు మేపుకుని బతికేవాళ్ళు. 2020 చివర్నుంచి వరసగా ఐదు వానకార్లు పోయాయి, మందలు చచ్చిపోయాయి, ఆ మందలు మళ్ళీ కూడాలంటే ఏళ్ళు పడుతుంది. 1992లో సూడాన్ యుద్ధం తప్పించుకుని నడుచుకుంటూ వచ్చిన పిల్లలతో మొదలైన క్యాంపు పక్కన ఇప్పుడు వీళ్ళు కట్టెలు అమ్ముకుని తింటున్నారు. క్యాంపులో గింజలు తగ్గితే కట్టెలకి ఇచ్చే గింజలూ తగ్గుతాయి. మ్జే చెప్పింది అదే, ఈసారి సాయంత్రం దాకా కట్టెలమోపులు అమ్ముడుపోక వాటి పక్కనే కూర్చున్న ఆడవాళ్ళని చూశాడట. నా ఎక్సెల్ షీట్లో క్యాంపు వరకే కాలమ్ ఉంది, ఆ కట్టెలమోపు ఎక్కడా లేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేశా. వాన పడిందా అంటే "యాడ పడింది నాయనా, మబ్బులు వస్తాండాయి పోతాండాయి, శెనక్కాయ ఇంకా ఎయ్యలేదు" అంది. ఇదంతా చెప్పా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. మా ఊళ్ళో పనికి ఆహార పథకం నడిచిన కరువు రోజుల్లో అమ్మానాన్న మట్టి పనికి పోయేవాళ్ళు, కూలికి బియ్యం కూపన్లు ఇచ్చేవాళ్ళు, ముసలివాళ్ళకి గంజి కేంద్రం. అప్పుడు అమ్మ కూడా బియ్యం అమ్మింది, నాకు బాగా గుర్తు, చీకటి పడ్డాక చిన్న సంచిలో కట్టుకుని శెట్టి అంగడికి పోయేది, ఎవరైనా చూస్తారని.

అమ్ముకుంటారంట అని భోజనాల దగ్గర ఆయనన్న మాట చెప్తే అమ్మ గొంతు మారింది. "ఉత్త బియ్యమే నములుతారా రా? నూనె వద్దా, మిరక్కాయ వద్దా, నీకు బలపం కొనిచ్చింది యాడిది అనుకున్యావు?"

నాకు తెలీదు ఇన్నేళ్ళూ. బలపం సంగతి.

తర్వాత అమ్మే అడిగింది, మిల్లుకి అంత గింజ పోతాంటే వాళ్ళ దగ్గర ఇసుర్రాయి లేదా అని. తెలీదమ్మా అన్నా. మ్జే మళ్ళీ సోమవారం లోడ్ తీసుకుని పోతాడు, వచ్చాక అడగాలి.